ఖైరూ ఖాలా చెప్పిన సినిమా

వాదనలో ఓడిపోవడం నాకు మొదటి నుంచీ చేతకాదు. ఈ వయసులో నేర్చుకుందామన్న ఆశ కూడా లేదు. అందుకే యాప్రాల్‌లో మా అపార్టుమెంటు కింది హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కూడే పాత సినిమాల బ్యాచ్‌లో నా పక్క కుర్చీలో కూర్చోవడానికి కొత్తవాళ్ళు కొంచెం జంకుతారు. బ్యాచ్ అంటే పెద్దగా ఏమీ లేదు, మోకాళ్ళ నొప్పులున్న నలుగురైదుగురం. ఒకరు ఫ్లాస్కులో చాయ్ తెస్తారు, ఒకరు కారప్పూస తెస్తారు, షుగర్ ఉన్నవాళ్ళు ఎవరూ చూడనప్పుడు బిస్కెట్లు తింటారు. మాట్లాడేది పాత నటుల గురించే గానీ, కాసేపటికల్లా బీపీ మాత్రల్లోకీ, పనిమనిషి నాగాల్లోకీ జారిపోయి, మళ్ళీ ఎవరో చెయ్యి పట్టి లాగితే సినిమాలోకి వచ్చి పడతాం. "ఫలానా ఆయన ఆ పాటలో ఎంత సన్నగా ఉన్నాడో" అని ఎవరైనా అంటే, "మా ఆయన సుత పెండ్లిల అట్లనే ఉండె" అని విమలగారు నిట్టూరుస్తారు. ఇక పావుగంట వాళ్ళాయన బొజ్జ గురించే.

మొన్నొక ఆదివారం, బ్యాంకులో చేసి రిటైరైన వేణుగోపాల్ గారు ఒక పాత సినిమా మాట ఎత్తారు. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే మీరు కూడా ఫోన్ తీసి చూసి నాతో గొడవకు వస్తారు. పేదింటి గుమస్తా, అతని భార్య కథ. గుమస్తా జబ్బు చేసి పోతాడు. అక్కడిదాకా అందరం ఒక్కటే మాట. "ఆఖర్న ఆమె కూడా పోతుంది కదండీ, మొగుడి ఫొటో ముందు తల వాల్చి. రెండు దీపాలూ ఒక్కసారే కొండెక్కుతాయి," అని ఆయన గొంతు బొంగురు చేసుకున్నారు. నేను ఊరుకుంటానా. "ఆమె ఎందుకు పోతదండీ? పొద్దున్నే లేచి తల దువ్వుకొని మొగుడు పనిచేసిన ఆఫీసుకే పోతది. చిలకపచ్చ చీర కట్టుకొని పోతది. నాకు మంచిగ యాదికున్నది," అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "పద్మగారూ, అది నలుపు తెలుపు సినిమా," అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ పౌరుషానికి పోయి, "తియ్యండి మీ ఫోను," అన్నాను. ఆయన ఆ సినిమా తీసి, ఆఖరి భాగానికి జరిపి, నా చేతికిచ్చారు. ఆమె ఫొటో ముందు కూర్చుంది, తల వాల్చింది, దీపాలు రెండూ ఆరిపోయాయి, సినిమా అయిపోయింది. ఆఫీసు లేదు, చిలకపచ్చ చీర లేదు. విమలగారు నా ముఖం చూసి నవ్వు ఆపేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఓడిపోయినందుకు కాదు నాకు అట్లా అయింది. మా అమ్మ జీవితాంతం ఉద్యోగం చేసి నన్ను చదివించింది ఆ ఆఫీసు సీను విన్న తర్వాతనే. మా ఇల్లు మొత్తం ఆ సీను మీదే నిలబడింది. అది ఏ సినిమాలోనూ లేదని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. అమ్మకు తెలుసా, లేక పాపం అది నిజమని నమ్మే లేచిందా అన్నది ఆ రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న. అమ్మను అడగడానికి అమ్మ లేదు. ఆ సినిమా మాకు చెప్పిన మనిషి మాత్రం ఉంది.

ఆమె పేరు ఖైరున్నీసా. మాకు ఖైరూ ఖాలా, పెద్దమ్మ వరస. రెజిమెంటల్ బజార్‌లో మేమున్న గల్లీలో, ఒకే వాకిలి చుట్టూ ఉన్న పోర్షన్లలో మాది ఒకటి, మా ఎదురుగా వాళ్ళది. వాకిట్లో షాబాద్ బండలు, మధ్యన అందరికీ ఒకటే నల్లా. ఖాలా భర్తకు బజార్లో ట్రంకు పెట్టెల దుకాణం. పొద్దున రేకు మీద సుత్తి దెబ్బ వినబడిందంటే నేను బడికి ఆలస్యమైనట్టే. మా ఇంట్లో నానమ్మ, బాపు, అమ్మ, నేను. బాపు సర్కారు దఫ్తర్‌లో గుమస్తా. ఆయన తలకు రాసుకునే ఉసిరికాయ నూనె వాసన, రంపపు పొట్టు కూరిన పొయ్యి పొగ వాసన, ఎదురింట్లో ఎర్రగా వేగుతున్న ఉల్లిగడ్డ వాసన, ఈ మూడూ కలిస్తే అది మా ఇంటి పొద్దు. ఇప్పటికీ ఎక్కడైనా ఉల్లిగడ్డ వేగుతుంటే నాకు బడికి టైమైందనిపిస్తుంది.

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయిపోయి, మళ్ళీ నల్లా వచ్చేదాకా వాకిట్లో ఆడవాళ్ళకు తెరిపి దొరికేది. మా గడప ముందు జంబుఖానా పరిచేవాళ్ళు. నానమ్మ నశ్యం డబ్బాతో గోడకు ఆనుకునేది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఖాలా పాన్‌దాన్ చంకన పెట్టుకొని వచ్చి కూలబడి, మూలన ఉయ్యాలలో ఉన్న తన చిన్నకూతురు షాహీన్‌ను ఒక కాలితో ఊపుతుండేది. ఇక సినిమాలు. మొదట్లో నాకొక వింత అర్థమయ్యేది కాదు, వీళ్ళు ఏ నటుడి పేరూ చెప్పరు. కారణం మా తాత. అందరికీ ఇష్టమైన ఆ పెద్ద హీరో పేరు, మా తాత పేరు ఒక్కటే. మొగుడి పేరు నోటితో అనడం నానమ్మకు లేదు. తాత పోయి ఏళ్ళు గడిచినా అనలేదు, రేషను కార్డు వాళ్ళు వచ్చి అడిగితే నన్ను ముందుకు తోసి చెప్పించేది. అందుకని ఆ హీరో మా వాకిట్లో "మనాయన" అయ్యాడు. ఆయన ఒక్కడికి అట్లా అయ్యాక మిగిలినవాళ్ళకు పేర్లెందుకని ఒకాయన "పెద్దకండ్లాయన", ఒకామె "ఏడుపామె", ఇంకొకామె "నవ్వులామె" అయ్యారు. విలన్ వేషాలాయన "పాపం ఆయన". ఎందుకు పాపం అంటే, ఇంట్లో చాలా మంచి మనిషట, బయట అందరూ తిడుతుంటారని ఖాలా ఎక్కడో విన్నది. అందుకే ఈనాటికీ ఆదివారం బ్యాచ్‌లో పేర్లు చెప్పడానికి నా నోరు తిరగదు. నేను మనాయన అంటే మీరు ఎవరనుకుంటే వాళ్ళే.

వాళ్ళు నటన చూసే తీరు వేరు. పత్రికల్లో రాసేవాళ్ళు హావభావాలంటారు గానీ, మా వాకిలి ఇంటి పని చూసేది. "మనాయన పప్పన్నం కలిపిండు చూసినవా ఆపా, వేళ్ళతోనే కలిపిండు, అరచేతికి అంటనియ్యలే. నిజంగనే ఆకలైనోడు తిన్నట్టు తిన్నడు," అని అమ్మ మెచ్చుకునేది. అమ్మకంటే ఖాలా పెద్దది కాబట్టి అమ్మ ఆమెను ఆపా అనేది. "కొత్తగ వచ్చిందే ఆ పొడుగామె, ఆమె చాట పట్టింది చూడు. పొట్టు ముందుకు పోవాలె, బియ్యం ఎనుకకు రావాలె. ఆమె చెరిగితే బియ్యమే ముందుకు పోయినయి. ఇంట్ల ఎన్నడన్న పని జేసిందా?" అని ఖాలా కొట్టిపారేసేది. నానమ్మ అంతా విని, నశ్యం పీల్చి, ఆఖర్న తీర్పు చెప్పేది. తీర్పంటే ఒక్క మాట. "పిల్ల మంచిదే," అందంటే ఆ నటి మా గల్లీలో ఇక మంచిదే. "ఏమో, నాకు ఆనలే," అందంటే ఆమె ఎన్ని బహుమతులు తెచ్చుకున్నా దండగ. నానమ్మ ఒకసారి అన్న మాట మళ్ళీ మార్చుకున్నది నేను చూడలేదు. అదొక పట్టింపు ఆమెకు. పప్పులో ఉప్పు ఎక్కువైందని తనే అన్నాక, తర్వాత తనకే రుచిగా అనిపించినా ఆ పూటకు ఉప్పు ఎక్కువైనట్టే.

అందరికీ సినిమాకు పోవడం కుదిరేది కాదు. స్టేషన్ అవతలి టాకీసులో ఖాలా తమ్ముడు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. కాబట్టి వాకిలి తరఫున ఎక్కువగా ఖాలాయే పోయేది, బురఖా వేసుకొని, లేడీస్ బెంచీలోకి. పోయి వచ్చిన మనిషి మరునాడు మధ్యాహ్నం సినిమా మొత్తం చెప్పాలి. అది మా వాకిలి కాయిదా. మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. సగానికి వచ్చాక ఖాలా ఠక్కున ఆపి, "ఇంటర్వెల్," అనేది. అప్పుడు పొయ్యి మీద చాయ్ పెట్టేవాళ్ళు, పిల్లలం ఒంటికి పోయి వచ్చేవాళ్ళం, తర్వాత మళ్ళీ షురూ. పాటలు వస్తే ఆమె పాడేది కాదు, "ఇక్కడ ఒక పాట, చాన మంచిగుంటది," అని కాసేపు కళ్ళు మూసుకునేది. మేమూ మూసుకునేవాళ్ళం. నలుపు తెలుపు సినిమాలకు రంగులేసి చెప్పడం ఆమె అలవాటు. ఏడుపామె కట్టిన ప్రతి చీరకూ ఒక రంగు ఉండేది, అంచు ఉండేది. నేను చూసిన సినిమాలకంటే విన్న సినిమాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఆ ఏడాది వానల్లో బాపుకు కామెర్లు వచ్చాయి. మందులు పోశారు, పసరు పోశారు, ఆస్పత్రిలో పెట్టారు. బాపు మిగల్లేదు. నేను అప్పుడు చిన్నదాన్ని, నాకు తెలిసిందల్లా ఇంట్లో ఉసిరికాయ నూనె వాసన రోజురోజుకూ తగ్గిపోవడం. ఆయన దిండు నేను దాచుకున్నాను, కొన్నాళ్ళకు దాని వాసన కూడా పోయింది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటే లేచేది కాదు. నానమ్మ ఆ వైపు గోడకు ఆనుకొని కూర్చుంటే కదిలేది కాదు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కోపం కాదది, మాట్లాడితే బాపు మాట వస్తుందని భయం. ఖాలా రోజూ అన్నం గిన్నె తెచ్చి గడప దగ్గర పెట్టి, నాకు తినిపించి పోయేది.

బాపు దఫ్తర్‌లోని పెద్దాయన ఒకరు స్వయంగా ఇంటికి వచ్చారు. నల్లా పక్కన స్టూలు వేస్తే కూర్చొని, నానమ్మ వినేట్టే చెప్పారు. "ఆమె ఎనిమిదో తరగతి చదివిందట గద. నెల తిరిగేలోపు వస్తే లోపట నౌకరి ఇప్పిస్తం. ఫైళ్ళు అందిచ్చే పని. ఆలస్యం చేస్తే నా చేతుల ఉండదు," అన్నారు. ఆయన పోయిన రెండు రోజులకే ఊరి నుంచి మా మేనమామ వచ్చాడు. మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. కానీ నౌకరి మాట వినగానే ముఖం ముడిచాడు. "మొగోళ్ళ నడుమ ఫైళ్ళు మోసుకుంట తిరుగుతదా మా చెల్లె? సామాన్లు సర్దుకో సుగుణా, ఇంటికి పోదాం. వచ్చే వారం బండి తెస్త," అన్నాడు. నన్ను చూసి, "ఊళ్ళె ఐదు దాక బడి ఉన్నది, ఆడపిల్లకు ఇంకేం గావాలె," అన్నాడు. నానమ్మను పట్నంలోనే ఉన్న మేనత్త దగ్గరికి పంపాలన్నది ఆయన ఆలోచన. అమ్మ ఔననలేదు, కాదనలేదు. అత్త నోటి నుంచి మాట రాకుండా అమ్మ గడప దాటదు. కోడలిని నౌకరికి పొమ్మని తన నోటితో అనడం నానమ్మకు కొడుకు పోయాడని ఇంకోసారి ఒప్పుకోవడమే. నెల మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు. ఇదంతా ఖాలా ఎదురు గడపలోంచి చూస్తూనే ఉంది. ఒకసారి నోరు తెరవబోతే నానమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "మా ఇంటి మాట ఖైరూ," అంది. ఖాలా మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడే స్టేషన్ అవతలి టాకీసులో ఆ గుమస్తా సినిమా రెండోసారి వేశారు. ఖాలా పోయి చూసింది. మరునాడు మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే తనే జంబుఖానా తెచ్చి మా గడప ముందు పరిచింది. "అమ్మా, నిన్న మనాయన సినిమా చూసిన. చెప్పకుంటే నా కడుపు ఉబ్బుతది. మీరు వినకున్న మంచిదే, నేను గోడకు చెప్పుకుంట," అంది నానమ్మతో. ఏడాది తిరగని ఇంటి ముందు సినిమా మాటలేందని నానమ్మ కసురుతుందేమో అని నేను భయపడ్డాను. ఆమె నశ్యం డబ్బా దగ్గరికి జరుపుకుంది. లోపల అమ్మ గోడ వైపే తిరిగి ఉంది. వింటుందో, నిద్రపోయిందో తెలియదు.

ఖాలా చెప్పడం మొదలుపెట్టింది. మనాయన దఫ్తర్‌కు పోవడం, ఏడుపామె డబ్బా కట్టి ఇవ్వడం, ఆయన తొవ్వలో ఆ డబ్బా ఆకలిగొన్నవాళ్ళకు ఇచ్చి, ఇంటికొచ్చి కూర బాగుందని అబద్ధం చెప్పడం. నానమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వులాంటిది కనబడింది. ఆ రోజు ఖాలా ఇంటర్వెల్ ఇచ్చింది, చాయ్ తనే పెట్టి తెచ్చింది. తర్వాత మనాయన జబ్బు పడ్డాడు. ఆ భాగం ఆమె చాలా త్వరగా చెప్పేసింది. "పోయిండు," అంది అంతే. తర్వాత తమలపాకు తీసి, తుడిచి, సున్నం రాసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ రాసింది. అట్లా ఆమె ఎన్నడూ చెయ్యదు.

"తర్వాత?" అంది నానమ్మ.

"తర్వాత ఏముంటది అమ్మా. ఏడుపామె కొన్ని దినాలు పడుకున్నది. ఏడ్సి ఏడ్సి కండ్లల్ల నీళ్ళయిపోయినయి. ఒకనాడు పొద్దుగాల్నే లేసింది. తానం జేసి, తల దువ్వుకొని, చిలకపచ్చ చీర కట్టి, మొగుడు జేసిన దఫ్తర్‌కే పోయింది. నేను పని జేస్త అన్నది. ఆయన కుర్చీలనే కూసున్నది. ఖతం."

తర్వాత అడిగిన ప్రశ్నకు ఖాలా చెయ్యి ఆకు మీద ఆగిపోవడం నేను చూశాను. "ఆ పిల్లకు అత్త లేదా?" అంది నానమ్మ.

"ఉన్నదమ్మా."

"అత్త ఏమన్నది మరి?"

"ఏం అనలే. ముసలామె పొద్దుగాల లేసి, పొయ్యి రాజేసి, కోడలికి డబ్బా కట్టింది."

"అత్త వేషం ఎవరు వేసిండ్రు?"

"ఎవరో కొత్తామె. మొఖం యాదికి లేదు."

నానమ్మ డబ్బా తెరిచి చిటికెడు నశ్యం తీసింది గానీ పీల్చలేదు, వేళ్ళ మధ్యే పట్టుకుంది. వాకిట్లో నల్లా సన్నగా మొదలైంది, ఎవరూ లేవలేదు. "మంచి అత్తనే," అంది చివరికి. "ఆ పిల్ల సుత మంచి పని జేసింది. బిడ్డ నోట్లెకు ముద్ద పోవాలె గద." తీర్పు అయిపోయింది. ఖాలా పాన్‌దాన్ మూసి, షాహీన్‌ను ఎత్తుకొని, వాళ్ళింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మరునాడు నాకు మెలకువ వచ్చేసరికి పొట్టు పొయ్యి వెలుగుతోంది. నానమ్మ దాని ముందు కూర్చొని ఊదుతోంది. బాపు డబ్బా తోమి బోర్లించి ఉంది. అమ్మ తల స్నానం చేసి వచ్చి తడి వెంట్రుకలు ముడి వేసుకుంటోంది. నానమ్మ డబ్బా అందించింది, అమ్మ తీసుకుంది, గడప దాటేముందు అత్త కాళ్ళకు మొక్కింది. మామ అన్న మాట ప్రకారం తర్వాతి వారం బండి తెచ్చాడు. నానమ్మ ఆయనకు పీట వేసి, "నా కోడలు దఫ్తర్‌కు పోయింది. పొద్దుమీకి వస్తది. నువ్వు తినిపో నాయిన," అంది. మామ కాసేపు గునిసి, తినిపోయాడు. బండి ఖాళీగా పోయింది. నేను అదే బడిలో చదువుకున్నాను, ఆ తర్వాత పెద్ద బడిలో, కాలేజీలో. అమ్మ ఫైళ్ళు అందించే పని నుంచి మెల్లగా ఫైళ్ళు రాసే పనికి ఎదిగింది. నా ఫీజు కట్టడానికి వచ్చినప్పుడల్లా దఫ్తర్ నుంచి నేరుగా వచ్చేది, చేతికి సిరా మరక ఉండేది. ఆ మరక చూస్తే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఇప్పుడు మా బ్యాచ్‌లో అందరి చేతిలోనూ అన్ని సినిమాలూ ఉన్నాయి. ఏది కావాలన్నా వేలితో జరుపుకుంటాం, ఏడుపు వస్తే దాటేస్తాం. ఎవరి సినిమా వాళ్ళు చెవుల్లో పెట్టుకొని చూస్తారు. సుఖమే, కాదనను. నాకూ మోకాళ్ళు నొస్తాయి, టాకీసు మెట్లు ఎక్కలేను. ఫోన్లో ఉన్న సినిమాకు మాత్రం నేనెవరో తెలియదు. నా ఇంట్లో ఏం జరిగిందో చూసుకొని అది మారదు. ఎదురింటి మనిషి చెప్పిన సినిమా మారింది. ఈ తేడా తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది. వేణుగోపాల్ గారి ఫోన్ మీద ఆ దీపాలు ఆరిపోవడం చూసినప్పుడు నాకు మొదట బాధ కలిగింది, తర్వాత ఒళ్ళంతా ఒక కృతజ్ఞత. ఆ రెండూ కలిసి నన్ను నిలవనివ్వలేదు.

ఆ వారంలోనే ఖాలాను చూడటానికి కాప్రా పోయాను. ఖాలా ఇప్పుడు షాహీన్ దగ్గర ఉంటోంది. నడుము వంగింది, వినికిడి తగ్గింది, పాన్ డాక్టరు మాన్పించాడట, దవడ మాత్రం అలవాటుగా ఆడుతూనే ఉంది. నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకొని చెయ్యి వదల్లేదు. కాసేపు అవీ ఇవీ అయ్యాక అడిగాను. "ఖాలా, ఆ గుమస్తా సినిమాల ఏడుపామె సచ్చిపోతది గద?"

ఆమె నవ్వింది, పళ్ళు లేని నవ్వు. "ఇన్నేండ్లకు చూసినవా బేటీ. నేను మీ నానమ్మకు ముఖం మీద చెప్తే వింటుండెనా? మా ఇంటి మాట అని ఒక్కపారి నోరు మూయించింది. సినిమా అయితే ఎవరి ఇంటి మాటా కాదు. ఏమన్న అనొచ్చు. అన్నంక ఆమె మాట తిరగదని నాకు ఎరుకనే గద."

"మరి అమ్మ? అమ్మ నిజమే అనుకున్నదా?"

ఖాలా షాహీన్‌ను పిలిచి చాయ్ పెట్టమంది. తర్వాత చెప్పింది. నేను పెళ్ళయి వెళ్ళిపోయాక, మా ఇంట్లో టీవీ వచ్చాక, ఒక సాయంత్రం ఆ సినిమా టీవీలో వేశారట. ముసలామె ఆఖరు చూస్తే ఇన్నేళ్ళ మాట ఏమవుతుంది? ఏం చెయ్యాలో తెలియక ఖాలా వచ్చి మా ఇంట్లో కూర్చుందట. నానమ్మ చూపు అప్పటికే మసక, టీవీకి ముక్కు ఆనించి చూస్తోంది. మనాయన జబ్బు పడే దగ్గర అమ్మ మెల్లగా లేచి, తలుపు వెనక్కి పోయి ఫ్యూజు పీకేసిందట. "కరెంటు పోయింది అత్తమ్మా," అందట. బస్తీలో అన్ని కిటికీల్లోంచీ అదే సినిమా వినబడుతోంది. కాసేపటికి అందరి ఇళ్ళలోంచీ ఏడుపామె ఏడుపు. "బయట ఎవరో ఏడుస్తుండ్రే," అందట నానమ్మ. "గల్లీల కొట్లాట అత్తమ్మా," అందట అమ్మ. నానమ్మ కొంచెంసేపు విని, "అట్లనా. తలుపు పెట్టు బిడ్డా, మనకెందుకు," అందట. ఆమెకు తెలిసి అన్నదో, తెలియక అన్నదో అల్లాకే ఎరుక అంది ఖాలా.

"నేను సుగుణను వాకిట్లెకు గుంజుకొచ్చి అడిగిన. ఆఖరు గట్లుంటదని నీకెట్ల ఎరుక అని. అప్పుడు చెప్పింది మీ అమ్మ." ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ సినిమా మొదటిసారి వచ్చినప్పుడే అమ్మ, బాపు చూశారట. ఎవరికో ఒంట్లో బాగాలేదు, చూసి వస్తామని నానమ్మకు చెప్పి, ఇద్దరే దొంగతనంగా మ్యాట్నీకి పోయారట. ఆఖర్న బాపు ఏడ్చి, అమ్మ కొంగుతోనే కళ్ళు తుడుచుకున్నాడట. కాబట్టి ఆ మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకున్న అమ్మకు కథంతా తెలుసు.

అమ్మ అన్న మాటలు ఖాలా అమ్మ అన్నట్టే చెప్పింది. "ఆఖరు వస్తున్నదంటే భయమై చెవులు మూసుకుందామనుకున్న ఆపా. గంతల్నే నువ్వు ఆమెను లేపినవ్. సచ్చిపోయినామెనే లేపి, తల దువ్వి, దఫ్తర్‌కు పంపినవ్. నా కోసం నువ్వు అంత పని జేస్తే, బతికి ఉన్న నేను లేవకుంటే ఎట్ల?"